ఏ యూరి నీరు త్రాగితివి?

మందు వ్రాయుటకు ముందు వైద్యుడు రోగి నాడి చూచును, నాలుక చూచును, గుండె చప్పుడు వినును. పావగడనుండి వచ్చిన రోగి విషయమున వీనికంటె ముందుగా అడుగదగిన ప్రశ్న యొకటి కలదు: “నాయనా, చిన్ననాట ఏ యూరి నీరు త్రాగితివి?” ఈ ప్రశ్న నడుగని వైద్యుడు పొరపడును. దీని నొక్కదానినే యడిగి తృప్తిపడు వైద్యుడును పొరపడును. ఈ రెండవ పొరపాటును గూర్చియే మే మిచట ముఖ్యముగా విన్నవింపదలచితిమి.

పావగడ తుమకూరు జిల్లాలోని తాలూకా. మూడు వైపుల ఆంధ్రదేశముచే చుట్టబడి, కచేరీలలో కన్నడమును పెక్కిండ్లలో తెలుగును వినిపించు మెట్టసీమ. వానలు తక్కువ, వేరుసెనగయే ముఖ్యమైన పైరు, త్రాగునీటికి చిరకాలముగా భూగర్భజలమే దిక్కు. ఆ నీటిలో పెక్కుచోట్ల ఫ్లోరైడు మితిమీరి యున్నది. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచారోగ్యసంస్థ నిర్ణయము. రాతిపొరలనుండి కరగి నీట చేరు నీ పదార్థమును కన్ను గుర్తింపదు, నాలుక గుర్తింపదు. ఏండ్ల తరబడి లోనికి బోయి యెముకలలో నిలిచి, తుదకు మనుష్యుని మెడ త్రిప్పలేని, నడుము వంపలేని స్థితికి దెచ్చును.

ఈ వ్యాధిని గుర్తించిన చరిత్రలో తెలుగునాటికిని చెన్నపురికిని ముఖ్యమైన స్థానము కలదు. 1932లో కోపెన్‌హేగన్ నగరమున క్రయొలైటు రాతిపొడి పీల్చిన కూలీల యెముకలలో ఫ్లోరైడు చేయు వికారము వెల్లడి యైనది. 1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటునందలి షార్టు, పండిట్, రాఘవాచారిగార్లు ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెలలో బావినీటివలన అట్టి వికారమే కలుగుచున్నదని ప్రకటించిరి. ఒక్కని వెన్ను బిగిసికొనిపోయిన కారణమును వాని దేహమున వెదకవచ్చును. ఒకే యూరిలో పలువురి వెన్ను లట్లు బిగిసినపుడు కారణమును బావిలో వెదకవలెను. ఆనాటి వైద్యులు మనకు నేర్పిన పాఠ మిదియే.

ఇక నొక రోగిని ఊహింతము. నలువదియైదేండ్ల కూలివాడు పావగడ పల్లె విడిచి పట్టణమునకు వచ్చి పదియేండ్లయినది. గడ్డము రొమ్మున కాన్చలేడు. నేలమీది వస్తువును వంగి తీయలేడు. పట్టణవైద్యుడు వాతమని తలచి నొప్పిమాత్రలు వ్రాసియిచ్చును. మాత్రలు నెలలు గడచి యేండ్లు సాగును. ఏండ్ల తరబడి వాడిన యా మాత్రలు మూత్రపిండములను చెరుపవచ్చును. దేహములోని ఫ్లోరైడును వెలికి పంపు ద్వారమో, ఆ మూత్రపిండములే! నేడు రోగి త్రాగునది నదినీరే కావచ్చును; కాని యెముకలలో జేరినది యేండ్ల కొలది నిలిచియుండును. కావున నేటి చిరునామా నడిగిన చాలదు. బాల్యపు చిరునామా నడుగవలెను.

అయినను ఊరిపేరు వినినంతనే తీర్పు చెప్పుటయు తగదు. దంతముల సాక్ష్యమునే చూడుడు. గారపండ్లు, పండ్లు కట్టు బాల్యమున త్రాగిన నీటిని గూర్చి మాత్రమే చెప్పును. నేటి నడుమునొప్పి దానివలననే వచ్చినదని చెప్పవు. వేరొక సీమనుండి కోడలిగా వచ్చిన స్త్రీకి పలువరుస ముత్యములవలె నుండవచ్చును. అయినను ఇరువదియేండ్లు అత్తవారి బావినీరు త్రాగిన యామె యెముకలు బిరుసెక్కి యుండవచ్చును. ఉన్న గురుతు రోగమును స్థాపింపదు. లేని గురుతు రోగమును త్రోసిపుచ్చదు.

ఇంతకంటె పెద్ద ప్రమాదము వేరొకటి కలదు. పావగడలో శ్రీరామకృష్ణ సేవాశ్రమమువారి వివేకానంద గ్రామీణారోగ్య కేంద్రము క్షయకును కుష్ఠునకును చికిత్స చేయుచున్నది. అనగా నీటిదోషమున్న సీమలో క్షయ యుండదను నియమము లేదు. సాయంకాలపు జ్వరము, తగ్గిపోవు బరువు, రాత్రి నిదుర పట్టనీయని నొప్పి, వెన్నున ఒక్కచోటనే నొక్కిన బాధ — ఇవి వెన్నెముక క్షయను జ్ఞప్తికి తేవలెను. అది మందులకు లొంగు వ్యాధి. ఫ్లోరైడని పేరుపెట్టి యూరకుండినచో, లొంగవలసిన వ్యాధి కాళ్ళను హరించును. కాళ్ళు తిమ్మిరి పట్టినను, బలహీనపడినను, మూత్రము నిలిచిపోయినను, కారణమేదైనను సరే, వెన్నుపాము నొక్కబడుచున్నదేమో ఆ దినముననే చూడవలెను.

కావున వివేకి యగు వైద్యుడు మూడు ప్రశ్నలు వేసికొనును. ఈ సీమలో ఎక్కువగా కనబడునది యేది? అరుదైనను, విడిచినచో ప్రాణమునో అవయవమునో తీయున దేది? నేను వ్రాయబోవు పరీక్ష ఫలితము నా చికిత్సను మార్చునా? ముంజేతి రెండెముకల నడిమి పొర గట్టిపడినట్లును, వెన్ను కటి యెముకలు దట్టమైనట్లును ఎక్స్‌రేలో కనబడినచో ఫ్లోరైడు రోగమునకు బలమైన సాక్ష్యము. కూలివాని కొక దినపు పరీక్ష యొక దినపు కూలి. మార్పు తేని పరీక్షను వ్రాయకుండుటయు చికిత్సలో భాగమే.

ఎముకలో జేరిన ఫ్లోరైడును చటుక్కున తీసివేయు మందు లేదు. కావున మొదటి ఔషధము నీరే. కాచినంత మాత్రమున ఈ దోషము పోదు. నీరావిరియైన కొలదిని మరింత చిక్కనగును. నిర్దోషమైన నీరు, పాలు, సున్నపు సత్తువగల రాగిసంకటి, లోపమున్నచో డి విటమిను — వైద్యుడు వ్రాయవలసిన చీటీ యిది. రాగి పావగడవారి సొంత యాహారమే గదా. తుంగభద్ర నీటిని ఆ తాలూకాకు దెచ్చు పథకమును ప్రభుత్వము చేపట్టినది. అది ప్రతి పల్లెకును చేరి నిలుచుట యే వైద్యశాలయు చేయలేని చికిత్స.

పట్టణములోని మన వైద్యులకు ఈ రోగుల విషయమున ఒక యనుకూలత కలదు. వారి భాష మన భాష. పావగడనుండియో, కనిగిరినుండియో, నల్లగొండనుండియో వచ్చినవాడు తెలుగులో తన యూరి బావిని గూర్చి చెప్పుకొనగలడు. ఆ మాట వినుటకు అయిదు నిమిషములు చాలును. వినిన పిదప, ఆ బావి చెప్పని దేమైన నున్నదా యని రోగి వీపుపై చేయివైచి మరియొక అయిదు నిమిషములు వెదకుడు. ఈ పది నిమిషములు దక్కక నడుము వంగిపోయినవారును, కాళ్ళు పోగొట్టుకొన్నవారును ఇకమీదట మన గుమ్మమునుండి వెడలరాదని మా మనవి.