ఊరించిన మ్యూయాన్

కొత్త భౌతికశాస్త్రానికి తలుపు తెరుచుకుంటోందని ఇరవై ఏళ్లు ఆశ పెట్టిందీ కణం. 2025లో లెక్క తేలింది. తేలినది తలుపు కాదు, లెక్కే!

2013 వేసవిలో అమెరికాలో ఓ అయస్కాంతం ప్రయాణం కట్టింది. న్యూయార్క్ రాష్ట్రం లాంగ్ ఐలాండ్‌లోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల నుంచి షికాగో దగ్గరి ఫెర్మీల్యాబ్‌కు. యాభై అడుగుల అడ్డకొలత ఉన్న గుండ్రటి చుట్ట అది. విడదీయడానికి లేదు, కాస్త వంగినా పనికిరాదు. అందుకని బార్జి మీదికెక్కించి, అట్లాంటిక్ తీరం వెంట దింపి, ఫ్లోరిడాను చుట్టించి, నదుల మీదుగా ఎగువకు లాక్కెళ్లారు. మొదట్లో, చివర్లో రాత్రివేళ రోడ్లు మూసేసి లారీ మీద నడిపించారు. మొత్తం దాదాపు ఐదు వేల కిలోమీటర్లు. కొత్తది చేయించడంకన్నా ఇదే చవకట!

ఇంత హంగామా మ్యూయాన్ కోసం. 1936లో కార్ల్ ఆండర్సన్, సేత్ నెడర్‌మేయర్ కాస్మిక్ కిరణాల్లో పట్టుకున్న కణమిది. ఎలక్ట్రాన్ జాతిదే కానీ బరువు సుమారు 207 రెట్లు. సగటు ఆయుష్షు సెకనులో పది లక్షల వంతుల్లో రెండు వంతుల పైచిలుకు మాత్రమే. ఈ పేరా చదివేలోపే ఎన్నో మ్యూయాన్లు మీ ఒంట్లోంచి దూసుకుపోయి ఉంటాయి.

ప్రతి మ్యూయాన్ ఓ బుల్లి అయస్కాంతం. అయస్కాంత క్షేత్రంలో పడితే తిరిగే బొంగరంలా తల ఊపుతుంది. ఆ ఊపు ఎంత వేగమో చెప్పే అంకెకు ‘జి’ అని పేరు. భౌతికశాస్త్రవేత్త డిరాక్ సమీకరణం ప్రకారం అది కచ్చితంగా 2 ఉండాలి. ఎలక్ట్రాన్ విషయంలో అది 2 కన్నా రవ్వంత ఎక్కువెందుకో 1948లో జూలియన్ ష్వింగర్ లెక్క కట్టి చూపాడు. శూన్యం ఉత్త ఖాళీ కాదు. అందులో కణాలు పుడుతూ మాయమవుతూ పక్కనున్న కణాన్ని కదిలిస్తుంటాయి. మనకు తెలిసినవీ, తెలియనివీ అన్నీ ఆ రవ్వలో వాటాదారులే. సిద్ధాంతం చెప్పే రవ్వ, కొలిచిన రవ్వ కలవకపోతే మన జాబితాలో లేని కణమేదో ఉందన్నమాట.

ఆ జాబితా పేరే స్టాండర్డ్ మోడల్. 2012లో హిగ్స్ బోసాన్ దొరకడంతో నిండింది. అయినా అందులో గురుత్వాకర్షణకు చోటు లేదు, కృష్ణ పదార్థం ఊసు లేదు, న్యూట్రినోలకు బరువెలా వచ్చిందో లేదు. కొరత ఉందని అందరికీ తెలుసు, ఎక్కడ తవ్వాలో తెలియదు. అలాంటప్పుడు 2001లో బ్రూక్‌హేవెన్ కొలత సిద్ధాంతంతో కలవలేదంటే ఉత్సాహం రాదూ!

ఆ అయస్కాంతంతోనే మళ్లీ కొలిచిన ఫెర్మీల్యాబ్ వాళ్లు చేసిన ఓ పని నాకు భలే నచ్చింది. ఊపును కొలిచే గడియారం అసలు వేగాన్ని ప్రయోగంతో సంబంధం లేని ఇద్దరి చేత రహస్యంగా మార్పించారు. శాస్త్రవేత్తలకు అసలు జవాబు తెలియదు కాబట్టి కోరుకున్న అంకె వైపు లెక్కను నెట్టే వీల్లేదు. విశ్లేషణంతా ముగిశాక 2021 ఫిబ్రవరిలో, కొవిడ్ రోజుల్లో, జూమ్‌లో కూడి ఓటేసుకుని మరీ ఆ రహస్య అంకె ఉన్న కవరు విప్పారు. పాత కొలతే నిలిచింది. ఏప్రిల్ 7న ప్రకటించగానే ప్రకృతిలో ఐదో బలం దొరికినంత పని చేశాయి పత్రికలు.

అదే రోజు ‘నేచర్’ పత్రికలో మరో పరిశోధన పత్రం వచ్చింది. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ రవ్వలో క్వార్కులు, గ్లువాన్లు అనే కణాల వాటాను కాగితం మీద తేల్చడం దాదాపు అసాధ్యం. అందుకే అప్పటిదాకా ఎలక్ట్రాన్, పాజిట్రాన్‌లను ఢీకొట్టించిన ప్రయోగాల సమాచారం నుంచి దాన్ని రాబట్టేవారు. బుడాపెస్ట్, మార్సే, వుప్పర్టాల్ నగరాల పేర్లు కలుపుకొన్న బృందం మాత్రం సూపర్ కంప్యూటర్ల మీద నేరుగా గణించింది. వాళ్ల అంకె ప్రయోగానికి దగ్గరగా వచ్చింది. 2023లో రష్యాలోని నొవొసిబిర్స్క్ నుంచి వెలువడిన కొత్త కొలత పాత ఢీకొట్టుడు ఫలితాలతో విభేదించి కథను ఇంకా చిక్కు చేసింది.

2025 మేలో సిద్ధాంతకర్తలు కంప్యూటర్ లెక్కల వైపు మొగ్గి తమ అంకెను సవరించుకున్నారు. జూన్ 3న ఫెర్మీల్యాబ్ తుది ఫలితం ఇచ్చింది. అందులో అనిశ్చితి వంద కోట్లలో 127 పాళ్లే. రెండూ కలిశాయి. ఇరవై ఏళ్లలో కొలత చెక్కుచెదరలేదు, మారింది సిద్ధాంతమే. దీన్ని ఓటమి అనడం అన్యాయం. కొత్త కణాలు ఎక్కడ లేవో ఇంత గట్టిగా చెప్పిన ప్రయోగాలు తక్కువ.

అలాగని కథ కంచికి చేరిందనీ అనలేం. పాత ఢీకొట్టుడు ఫలితాలు ఒకదానితో ఒకటి ఎందుకు కలవడం లేదో ఇంకా తేలలేదు. జపాన్‌లోని జె-పార్క్‌లో చిన్న అయస్కాంతంతో, పూర్తిగా వేరే పద్ధతిలో ఇదే ఊపును కొలిచే ఏర్పాట్లు సాగుతున్నాయి. ప్రస్తుతానికి సిద్ధాంతపు అంకెలోని అనిశ్చితి, ప్రయోగపు అనిశ్చితికి దాదాపు నాలుగు రెట్లు. ఇక చెమటోడ్చాల్సింది లెక్కలు కట్టేవాళ్లే.