వేసవి సాయంత్రానికి చల్లని సోయాకాయలు

గ్రీష్మ ఋతువులో శరీరబలం క్షీణించి ఉంటుందని, ఆ కాలంలో ఉప్పు, పులుపు, కారం తగ్గించి మధురమైన, చల్లని, తేలికైన ఆహారం తీసుకోవాలని ఆయుర్వేదం చెబుతోంది. కాని మన ఇళ్ళలో సాయంత్రమయ్యేసరికి పళ్ళెంలోకి వచ్చేవి పకోడీలు, మిక్చరు. రక్తపోటు ఉన్న మా మామగారికి అవి తగవు. వద్దంటే ఆయన నొచ్చుకుంటారు. అలాంటి పెద్దలకు ఏమి పెట్టాలన్నది చాలామంది గృహిణులకు ఎదురయ్యే సమస్యే.

దీనికి నాకు ఒక మార్గం షాంఘై నగరంలో కనిపించింది. మా అమ్మాయి ఉద్యోగరీత్యా అక్కడ ఉన్నప్పుడు ఒక వేసవి నేనూ గడిపాను. సాయంత్రం వీధి అంగళ్ళలో మసాలా నీటిలో ఊరిన పచ్చి సోయాకాయలను చల్లగా వడ్డిస్తారు. వాటిని చైనావారు ‘మావ్‌దౌ’ అంటారు. కాయమీది నూగును బట్టి వచ్చిన పేరు అది. జపానువారి ‘ఎదమామె’ కూడా ఇదే. పక్కనే ఉడికించిన వేరుశనగకాయలు కూడా ఉంటాయి. కనుక వేరుశనగకాయలు, అనపకాయలు ఉడికించుకొని తినే మనకు ఇది మరీ కొత్త రుచి కాదు. అక్కడ దీనితోపాటు బీరు తాగడం వాడుక. గ్రీష్మంలో మద్యం తగదన్న మన శాస్త్రాన్ని అనుసరించి, పలుచని మజ్జిగ చాలునని నా మనవి.

చేసే విధానం: అరకిలో కాయలకు గుప్పెడు ఉప్పు పట్టించి బాగా రుద్ది, నూగు పోయేలా రెండుమూడుసార్లు కడగాలి. కత్తెరతో రెండు కొనలు కత్తిరించాలి. అప్పుడే మసాలా నీరు లోపలికి దిగుతుంది. లీటరున్నర నీటిలో రెండు అనాసపువ్వులు, రెండు బిర్యానీ ఆకులు, చిన్న దాల్చినచెక్క ముక్క, నాలుగు అల్లం ముక్కలు, రెండు ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ఉప్పు వేసి పది నిమిషాలు మరిగించాలి. చైనావారు నాలుకను తిమ్మిరెక్కించే, మిరియంలా కనిపించే ఒక ఎండు కాయను కూడా వేస్తారు. అది మన వైద్యంలోని తుంబురుకు దగ్గరి బంధువు. దొరకకపోతే ఆరు మిరియాలు చాలు.

అందులో కాయలు వేసి, మూత పెట్టకుండా ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉడికించాలి. మూత పెడితే ఆకుపచ్చని రంగు పోతుంది. గడ్డకట్టించి అమ్మే కాయలైతే అయిదు నిమిషాలు చాలు. కాయలను తీసి పళ్ళెంలో పరచి చల్లార్చాలి. నీరు కూడా చల్లారాక రెండూ కలిపి ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు ఉంచాలి. రెండు రోజులలోపు తినేయాలి. కాయను పంటితో నొక్కి గింజలు మాత్రం తిని, తొక్క పారవేయాలి.

అక్కడివారు వేసే ఉప్పులో నేను సగమే వేస్తాను. మసాలా సువాసన ఆ లోటును తెలియనివ్వదు. నూనె చుక్క కూడా అక్కరలేదు. వంద గ్రాముల ఉడికిన గింజలలో సుమారు 11 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల పీచు ఉంటాయి. అందువల్ల గుప్పెడు తింటే ఆకలి అణుగుతుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. సోయాను పచ్చిగా తినరాదు. మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలు అందులో ఉంటాయి. ఉడికిస్తే అవి చాలావరకు నశిస్తాయి. సోయా పడనివారు దీని జోలికి పోరాదు. థైరాయిడ్ మాత్రలు వాడేవారు మాత్రకూ సోయాకూ మధ్య ఎన్ని గంటల వ్యవధి ఉండాలో వైద్యుని అడగాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా లేనిదే తినరాదు. పసిపిల్లలకు గింజలు మెత్తగా నలిపి పెట్టాలి.

మామగారు ఇప్పుడు మిక్చరు డబ్బా అడగడం తగ్గించారు. కాయలు ఒక్కొక్కటిగా ఒలుచుకుంటూ కూర్చోవడంతో తినే వేగం కూడా తగ్గింది. ఈ వేసవిలో మీ ఇంట కూడా ఒకసారి చేసి చూడండి.