కొర్రన్నం కనరెక్కకుండా

కొర్రన్నం చేదుగా ఉందని పిల్లలు కంచం తోసేస్తున్నారా? తప్పు కొర్రలది కాదండీ, నిలవ బియ్యానిది. కొర్రబియ్యం మీది తవుడు పొరలో నూనె ఉంది. ఊక తీశాక దానికి గాలి తగిలి, కొన్నాళ్లకే కనరెక్కుతుంది. అలాగని తెల్లగా పాలిషు పట్టించారో, ఆ తవుడుతో పాటు పీచూ పోషకాలూ పశువుల కుడితిలోకి పోతాయి! అందుచేత కొర్రలను బాగా ఎండబెట్టి, ఊకతోనే నిలవ చేయండి. 10, 15 రోజులకు సరిపడా మాత్రమే దంచుకోండి, లేదా మర పట్టించుకోండి.

ఇక వంట. సోలెడు బియ్యం కడిగి, 2 గంటలు నానవేసి, రెండున్నర సోలల ఎసట్లో పోసి సన్నసెగను ఉడికించండి. దించాక 10 నిమిషాలు మూత తీయకండి. తీశారో, పలుకు మిగులుతుంది. వేడిమీద పప్పుచారుతో వడ్డించండి; ఆరితే గట్టిపడుతుంది. మిగిలినదానికి మజ్జిగ ఉండనే ఉంది.