వాట్సాప్‌లో ‘ఫైనల్ 3’ తిరుగుతోందా? రోబోటిక్స్ టీమ్ క్యాడ్ ఫైళ్లను ఇలా సెట్ చేసుకోండి!

జన్వాడ చుట్టుపక్కల, మొయినాబాద్, గండిపేట వైపు ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. రోబోకాన్ లాంటి పోటీకి టీమ్ కట్టారో లేదో, గ్రూపులో ‘చాసిస్ ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘లేటెస్ట్ ఇదే’ అంటూ ఫైళ్లు వచ్చి పడతాయి. పాత ఫైల్ లేజర్ కటింగ్‌కి వెళ్లిందంటే మోటార్ రంధ్రాలు కలవవు. షీటూ వేస్టు, టైమూ వేస్టు. మరి ఏం చేయాలి? చూద్దాం.

సాలిడ్‌వర్క్స్ వాడుతుంటే

అసెంబ్లీ ఫైల్ పార్టులను తనలో దాచుకోదు. ఏ పార్టు ఏ ఫోల్డర్‌లో ఉందో గుర్తుపెట్టుకుంటుంది, అంతే. అందుకే అసెంబ్లీ ఒక్కటే పంపితే అవతలివాళ్లకు పార్టులు కనిపించవు. ‘ప్యాక్ అండ్ గో’తో అన్నీ కలిపి పంపండి. విండోస్ ఫోల్డర్‌లోకి వెళ్లి పార్టు పేరు మార్చొద్దు, లింకు తెగిపోతుంది. టీమంతా ఒకే ఏడాది వెర్షన్ వాడాలి. 2025లో సేవ్ చేసిన ఫైల్ 2023లో తెరుచుకోదు.

గూగుల్ డ్రైవ్ సరిపోతుందా?

చిన్న టీమ్‌కి ఓకే. ఉచితంగా 15 జీబీ వస్తుంది, కానీ అందులోనే జీమెయిల్, ఫొటోలు కూడా. ఒకే పార్టును ఇద్దరు మార్చి సేవ్ చేస్తే గూగుల్ షీట్‌లోలాగా రెండు మార్పులూ కలిసిపోవు, ఒకరి పని పోయినట్టే. పాత వెర్షన్లు కూడా 30 రోజులు దాటితే పోవచ్చు.

ఆన్‌షేప్ సంగతేంటి?

ఇది బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లూ ఉన్నాయి. ఒకే డిజైన్‌పై నలుగురు ఒకేసారి పనిచేయొచ్చు, పాత మార్పులన్నీ వెనక్కి వెళ్లి చూడొచ్చు. రెండు విషయాలు మాత్రం గుర్తుంచుకోండి: నెట్ లేకపోతే పని ఆగిపోతుంది, మామూలు ఫ్రీ ప్లాన్‌లో మీ డిజైన్ అందరికీ కనిపిస్తుంది. స్టూడెంట్లు ఎడ్యుకేషన్ ప్లాన్ తీసుకోవడమే మేలు.

ఏది వాడినా ఈ 3 రూల్స్ తప్పవు

1. ఒక పార్టుకి ఒక్కరే ఓనర్. మార్పు కావాలంటే వాళ్లకే చెప్పాలి.

2. పేరులో ‘ఫైనల్’ అనే మాటే వద్దు. ‘చాసిస్-04’ లాగా నంబర్ పెట్టండి.

3. ‘కటింగ్‌కి రెడీ’ అని వేరే ఫోల్డర్ పెట్టండి. ఇంకొకరు కొలతలు చెక్ చేశాకే డీఎక్స్‌ఎఫ్, స్టెప్ ఫైళ్లు అందులోకి వెళ్లాలి.

రాయదుర్గంలోని టీ-వర్క్స్‌కి వెళ్లినా, ఊళ్లో లేజర్ కటింగ్ షాపుకి వెళ్లినా ఆ ఫోల్డర్ నుంచే ఫైల్ ఇవ్వండి. వాట్సాప్ నుంచి మాత్రం వద్దు.

మా మాట: కొత్త టీమ్ అయితే ఆన్‌షేప్‌తో మొదలుపెట్టండి. ఇప్పటికే సాలిడ్‌వర్క్స్‌లో సగం రోబో గీసేసి ఉంటే మారొద్దు, పై రూల్స్ ఇవాళే పెట్టుకోండి.