ఆకాశం గీయండి.. అవకాశం అందుకోండి!

పెద్ద కొడప్‌గల్: మన మండలానికి జాతీయ రహదారి ఉంది గానీ రైలు పట్టాలు లేవు. రైలెక్కాలంటే కామారెడ్డికో, నిజామాబాద్‌కో పోవాల్సిందే. బొమ్మ రైలుకైతే ఇంట్లో ఒక బల్ల చాలు. దాని వెనక నిలబెట్టే తెరకు చక్కగా రంగులద్దగలిగితే, రేపు ఇంటర్వ్యూలో మీ పనితనం చూపే నమూనా అదే!

ఇదేం కొత్త విద్య కాదు. 1885లో మొదలైన సురభి నాటక సమాజం రాజమహళ్లను, అడవులను రంగుల తెరల మీదే చూపించింది. 1957 నాటి ‘మాయాబజార్‌’లో వెన్నెల్లో మెరిసే ద్వారక కూడా బొమ్మ నగరమే.

ఎలా మొదలుపెట్టాలి?

* పలుచని హార్డ్‌బోర్డు లేదా మందపాటి అట్ట తీసుకోండి. మూలల్లో మడత పెట్టకుండా వంపు తిప్పండి. మూల కనిపించిందా, ఆకాశం కాస్తా గోడైపోతుంది.
* మెరిసే ఎనామిల్ వద్దు. లైటు పడితే తళతళలాడి గుట్టు బయటపెడుతుంది. మెరవని ఎమల్షన్ వాడండి.
* పైన ముదురు నీలం వేసి, కిందికి వచ్చేకొద్దీ తెలుపు కలపండి. రంగు తడిగా ఉండగానే బ్రష్‌ను అడ్డంగా లాగితే గీతలు కలిసిపోతాయి.
* దూరపు కొండలకు లేత నీలి బూడిద రంగు, దగ్గరి చెట్లకు ముదురు పచ్చ వేయాలి. గాలిలోని తేమ, దుమ్ము కాంతిని చెదరగొట్టడం వల్ల దూరం మసకబారుతుంది. నమ్మకపోతే నిజాంసాగర్ కట్ట మీద నిలబడి చూడండి!
* కొలత తప్పొద్దు. బాగా వాడుకలో ఉన్న హెచ్‌ఓ స్కేలు 1:87. అంటే ఐదున్నర అడుగుల మనిషి సుమారు 2 సెంటీమీటర్లే.
* మరీ వివరంగా గీయకండి. చూపు రైలు మీదే నిలవాలి.

దారి ఎటు?

ఒక్క బొమ్మ రైళ్లనే నమ్ముకుంటే ఉద్యోగాలు తక్కువే. కానీ సినిమా సెట్లు, మ్యూజియం నమూనాలు, భవనాల మోడళ్లు, వీఎఫ్‌ఎక్స్‌లో మ్యాట్ పెయింటింగ్.. అన్నింటికీ పునాది ఈ దూరం, వెలుగు, కొలతల లెక్కే. హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ సీట్లకు ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇంటర్ పాసైనవారు ప్రయత్నించొచ్చు.

ప్రతి దశలోనూ ఫొటో తీసి పెట్టుకోండి. చెడిపోయిన మొదటి తెరనూ దాచండి. దాన్ని ఎలా సరిదిద్దారో చెప్పగలిగితే, అది మార్కుల మెమోలో కనిపించని అర్హత.