గాడ్జిల్లా గంతులు: జపాన్ రాక్షస చిత్రాల్లో గ్రహాంతరవాసులు

1954లో ఇషిరో హోండా తీసిన ‘గాడ్జిల్లా’ నవ్వించే చిత్రం కాదు. హైడ్రోజన్ బాంబు పరీక్షలు రేపిన మృగం టోక్యోను తగలబెడుతుంది. హిరోషిమా, నాగసాకి దారుణాలు జరిగి అప్పటికి తొమ్మిదేళ్లే.

అదే దర్శకుడు 1965లో తీసిన ‘ఇన్వేజన్ ఆఫ్ ఆస్ట్రో-మాన్‌స్టర్’ కథ చూడండి. మూడు తలల కింగ్ గిడోరా తమను పీడిస్తోందని, గాడ్జిల్లాను, రోడాన్‌ను అరువిస్తే క్యాన్సర్‌కు మందు ఇస్తామని ఎక్స్ గ్రహవాసులు మన వ్యోమగాములను అడుగుతారు. అంతా మోసం! చివరికి వాళ్లు కుప్పకూలేది దేనికి? ఆడవాళ్ల రక్షణ కోసం ఒక కుర్రవాడు చేసిన అలారం మోతకు. మధ్యలో గిడోరాను తరిమిన గాడ్జిల్లా, అప్పటి ఒక కామిక్ పాత్రను అనుకరిస్తూ గంతులు కూడా వేస్తుంది.

రబ్బరు తొడుగులో ఉన్నది హరువో నకజిమా అనే నటుడు. ఎయిజీ త్సుబురాయా బృందం కట్టిన బొమ్మ ఇళ్ల మధ్య ఆయన నడుస్తుంటే కెమెరాను మామూలు కంటే వేగంగా తిప్పేవారు. అందుకే తెరపై ఆ అడుగులు నిదానంగా, బరువుగా పడతాయి. తొడుగు మడతలు మనకు తెలుస్తూనే ఉంటాయి. నటులు మాత్రం ఒక్కసారీ నవ్వరు. ఈ పొంతన లేని గాంభీర్యం నుంచి పుట్టే వినోదాన్నే విమర్శకులు ‘క్యాంప్’ అంటారు. లోపాలను ఎగతాళి చేయడం వేరు, ఇది వేరు.

అయితే ఈ ముచ్చటకు ఒక మూల్యం ఉంది. మొదటి చిత్రంలో శాస్త్రవేత్త సెరిజావా, తన ఆయుధం మరొకరి చేతికి చిక్కకూడదని గాడ్జిల్లాతోపాటు తానూ మరణిస్తాడు. 1965 నాటికి తప్పంతా పరగ్రహం వాళ్లదే. సెరిజావాకు ఎదురైన ప్రశ్న ఇక్కడ ఎవరికీ రాదు.