కాస్త జరుగుతారా?

మధ్యాహ్నం పన్నెండున్నరకి సింగపూర్‌లో ఏ హాకర్ సెంటర్‌కైనా వెళ్ళి చూడండి. చేతిలో ట్రే, అందులో పొగలు కక్కే భోజనం. కూర్చుందామంటే చోటు దొరకదు. ఎక్కడో ఒక బల్ల ఖాళీగా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే దాని మీద ఒక చిన్న టిష్యూ పొట్లం ఉంటుంది. మనిషి లేడు, పొట్లం ఉంది. "ఈ చోటు మాది, ఇప్పుడే వస్తాం" అని దాని అర్థం. దీన్ని అక్కడ "చోప్" చెయ్యడం అంటారు.

మీకు చిరాకు వస్తుందా? అయితే ఒక సంగతి చెబుతాను. ఆంధ్రలోనూ, తెలంగాణలోనూ బస్సు ఆగీ ఆగకముందే జనం కిటికీలోంచి సీటు మీద రుమాలు వేస్తారు. రుమాలు ఎవరిదో సీటు వాళ్ళది. టిష్యూ పొట్లం ఆ రుమాలుకి తమ్ముడే.

ఈ వ్యాసం ఇలాంటి చిన్న చిన్న చిరాకుల గురించి, వాటిని తగ్గించే చిన్న చిన్న మర్యాదల గురించి. ఆ మర్యాదలు తెలుగులో ఎలా పలకాలో కూడా చూద్దాం. మీలో చాలామందికి తెలుగు బడిలో రాలేదు. సింగపూర్ బడుల్లో మాతృభాషగా ఎంచుకోదగ్గ భాషల్లో తెలుగు లేదు, అందుకే మన పిల్లలు అక్కడ తమిళమో హిందీయో చదువుతారు. మీ తెలుగు అమ్మమ్మ నోటి నుంచో, నానమ్మ నోటి నుంచో వచ్చింది. అది ఇంటి తెలుగు. దానితో తెలియనివాళ్ళని పలకరించాలంటే కొంచెం తడబాటు ఉంటుంది. ఆ తడబాటు తీర్చుకుందాం.

మర్యాద నేర్పిన సింహం

మర్యాదని ప్రభుత్వమే నేర్పడానికి పూనుకున్న దేశం సింగపూర్. 1979లో ప్రధాని లీ క్వాన్ యూ జాతీయ మర్యాద ఉద్యమం మొదలుపెట్టారు. అప్పటికి చాలా కుటుంబాలు పాత కంపాంగ్ ఇళ్ళు వదిలి ఎత్తైన ప్రభుత్వ ఫ్లాట్లలోకి మారుతున్నాయి. ఒకే లిఫ్టు, ఒకే మెట్లు, ఒకే వరండా. చైనీస్, మలయ్, భారతీయ కుటుంబాలు పక్కపక్కనే ఉండాలి. చిరునవ్వు, పలకరింపు, "దయచేసి" అనే మాట అక్కడ అవసరమయ్యాయి.

1982లో ఆ ఉద్యమానికి ఒక బొమ్మ వచ్చింది. అది "సింగా" అనే సింహం. పోస్టర్ల మీదా, బడుల్లోనూ ఆ సింహం నవ్వుతూ పిల్లలకి మర్యాద చెప్పేది. 1997లో సింగపూర్ కైండ్‌నెస్ మూవ్‌మెంట్ అనే సంస్థ ఏర్పడింది. తర్వాత సింగా దాని బొమ్మ అయింది. 2013లో ఒక తమాషా జరిగింది. సింగా రాజీనామా చేసినట్టు ఒక బహిరంగ లేఖ వచ్చింది. జనంలో కోపం పెరిగిపోయింది, నేను అలసిపోయాను అని దాని సారాంశం. నిజానికి అది ఆ సంస్థే వేసిన ప్రచార ఎత్తు. మర్యాద బొమ్మ పని కాదు, మనుషుల పని అని చెప్పడం దాని ఉద్దేశం.

2014లో రైళ్ళలోకీ బస్సుల్లోకీ మరికొన్ని బొమ్మలు వచ్చాయి. సీటు అవసరమైనవాళ్ళకి లేచి చోటిచ్చే స్టేసీ, తలుపు దగ్గర నిలబడకుండా లోపలికి జరిగే మార్టిన్, దిగేవాళ్ళకి దారిచ్చే గ్లెండా. తర్వాత భుజం సంచీ కిందికి దించే బెన్నీ కూడా వచ్చాడు. మీరు రైలెక్కితే ఈ నలుగురి పనీ చేస్తే చాలు, సగం చిరాకులు పోతాయి.

అయితే బొమ్మలు చెప్పినంత మాత్రాన అందరూ వినరు. హాకర్ సెంటర్‌లో తిన్న ట్రే మనమే తీసుకెళ్ళి పెట్టాలని ఏళ్ళ తరబడి చెప్పారు. చివరికి 2021లో అది నియమం అయింది. ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి గట్టిగా అమలు చేశారు. మొదటిసారి రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి 300 డాలర్ల జరిమానా. ఇప్పుడు బల్లలు శుభ్రంగా ఉంటున్నాయి. కానీ జరిమానా భయంతో ట్రే తీసేవాడు, బల్ల తుడిచే పెద్దావిడకి నడుం నొప్పి అని ఆలోచించి ట్రే తీసేవాడు ఒకటేనా? బల్లకి తేడా తెలియదు. ఆ పెద్దావిడకి తెలుస్తుంది.

కూర వాసన తగువు

ఇక ఇరుగుపొరుగు చిరాకులు. పై అంతస్తులో ఆరేసిన బట్టల నీళ్ళు మీ ఎండిన బట్టల మీద పడతాయి. పక్కింటివాళ్ళ చెప్పులు వరండా అంతా ఉంటాయి. కింద ఖాళీ అంతస్తులో ఒకరోజు మలయ్ పెళ్ళి, ఇంకోరోజు చైనీస్ చావు కర్మ. రెండిటికీ పాటలూ చప్పుళ్ళూ ఉంటాయి. ఎవరి సందడి వాళ్ళకి ముద్దు.

2011 ఆగస్టులో ఇలాంటి ఒక తగువు పత్రికలకెక్కింది. అది అంతకు కొన్నేళ్ళ ముందు జరిగిన సంగతి. చైనా నుంచి కొత్తగా వచ్చిన ఒక కుటుంబానికి పక్కింటి భారతీయ కుటుంబం వండే కూర వాసన పడలేదు. భారతీయ కుటుంబం తలుపులూ కిటికీలూ మూసుకుని వండేది. అయినా తగువు తీరలేదు. విషయం కమ్యూనిటీ మీడియేషన్ సెంటర్‌కి వెళ్ళింది. ఇరుగుపొరుగు తగువులు కోర్టుకి వెళ్ళకుండా మధ్యవర్తులు కూర్చోబెట్టి మాట్లాడించే చోటు అది. మొదటిది 1998లో పెట్టారు. అక్కడ ఒక రాజీ కుదిరింది. పక్కింటివాళ్ళు లేనప్పుడే వీళ్ళు కూర వండుకుంటారు. వాళ్ళు కూడా ఒకసారి ఆ కూర రుచి చూస్తారు.

ఈ సంగతి బయటపడగానే దేశమంతా గొడవ. కూర వండుకోవడానికి కూడా అనుమతి కావాలా అని అన్ని జాతులవాళ్ళూ అడిగారు. 2011 ఆగస్టు 21, ఆదివారం నాడు ఇంటింటా కూర వండాలని ఫేస్‌బుక్‌లో పిలుపు వచ్చింది. వేల మంది ఒప్పుకున్నారు. ఆ రాజీ తాము రుద్దింది కాదని, రెండు కుటుంబాలూ ఒప్పుకున్నదేనని అధికారులు వివరించారు.

మీరైతే ఏమంటారు? నాకు ఆ రాజీలో రెండో ముక్క ఇష్టం. మొదటి ముక్కలో ఒకరు తగ్గారు. రెండో ముక్కలో ఇంకొకరు ఒక అడుగు ముందుకి వేశారు. ఒక పక్కవాళ్ళే ఎప్పుడూ తగ్గుతుంటే అది మర్యాద కాదు. ఈ మాట మన కుటుంబాలకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

సైకిలు దిగడం మర్యాద కాదు

మన ముత్తాతలు ఒప్పందం మీద వేలిముద్ర వేసి ఓడెక్కారు. మారిషస్‌లోనూ, బర్మాలోనూ తెలుగువాళ్ళని "కోరంగీలు" అనేవారు. కోరంగి గోదావరి ముఖాన ఒక రేవు. ఓడెక్కిన రేవు పేరే మనుషులకి పెట్టేశారు. మలయాలో ఆ ఒప్పందపు కూలీ పద్ధతి 1910లో ముగిసింది. ఆ తర్వాత కూడా కంగాణీలు ఊళ్ళకి వచ్చి తోటలకి మనుషుల్ని తీసుకెళ్ళారు. పేరాక్‌లోని బగాన్ దాతో వైపు తెలుగు కుటుంబాలు స్థిరపడింది అలాగే. తర్వాతి తరాల్లో కొందరు పని వెతుక్కుంటూ సింగపూర్ దిగారు.

ఆ తోటల్లో ఒక "మర్యాద" ఉండేది. కూలీ సైకిలు మీద వెళ్తుంటే దొర ఎదురుపడితే దిగాలి. దిగి, నడిపించుకుంటూ వెళ్ళాలి. 1941లో సెలంగోర్‌లోని క్లాంగ్ ప్రాంతంలో భారతీయ రబ్బరు తోట కూలీలు సమ్మె చేశారు. వాళ్ళ కోరికల్లో కూలి పెంపు ఉంది, చైనీస్ కూలీలతో సమానమైన కూలి ఉంది, తోటల్లో కల్లు దుకాణాలు మూసెయ్యాలని ఉంది. వాటితో పాటు, దొర ముందు సైకిలు దిగే నియమం పోవాలని కూడా ఉంది. నాయకుడు ఆర్. హెచ్. నాథన్‌ని అరెస్టు చేసి దేశం నుంచి పంపేశారు. సైన్యాన్ని దింపారు. కూలీల ప్రాణాలు కూడా పోయాయి.

కూలి డబ్బుల పక్కన సైకిలు ఎందుకు చేరింది? భయంతో వంగడం మర్యాద కాదని వాళ్ళకి తెలుసు కాబట్టి. మర్యాద అంటే ఇద్దరూ మనుషులే అని ఒప్పుకోవడం. రైల్లో మీరు లేచి సీటు ఇస్తే అది మర్యాద. ఎవరో మిమ్మల్ని లేపేస్తే అది కాదు.

"మీరు" ఎవరికి?

ఇప్పుడు మన భాషకి వద్దాం. ఇంగ్లీషులో అందరికీ ఒకటే "యూ". తెలుగులో "నువ్వు" ఉంది, "మీరు" ఉంది. పెద్దవాళ్ళని "మీరు" అనాలని మీకు ఎవరో నేర్పే ఉంటారు. అది నిజం, కానీ మొత్తం నిజం కాదు. అమ్మని చాలా ఇళ్ళలో "నువ్వు" అంటాం. దేవుణ్ణి కూడా "నువ్వు" అంటాం. దగ్గరితనం ఉన్నచోట "నువ్వు" తప్పు కాదు. చనువు లేని మనిషిని, అతను చేసే పని చూసి "నువ్వు" అంటేనే తప్పు.

మన ఊళ్ళలో కూడా ఈ తప్పు చాలా ఉంది. ఆఫీసరుని "మీరు" అంటారు, అదే వయసున్న ఊడ్చే మనిషిని "నువ్వు" అంటారు. మీరు కొత్తగా నేర్చుకుంటున్నారు కదా, ఆ అలవాటు నేర్చుకోకండి. పరిచయం లేని ఏ పెద్దమనిషికైనా "మీరు" అనండి. ఎదురుగా లేనివాళ్ళ గురించి చెప్పేటప్పుడు కూడా అంతే. ట్రేలు సర్దే ఆమెని "ఆవిడ" అనండి, "అది" అనకండి. మెట్లు కడిగే అతన్ని "ఆయన" అనండి, "వాడు" అనకండి.

ఇది వట్టి వ్యాకరణం కాదు. ఆదివారం సాయంత్రం సెరంగూన్ రోడ్డు మీద నడవండి. కట్టడాల్లోనూ, ఓడల యార్డుల్లోనూ పనిచేసే మనుషులు సెలవు రోజున అక్కడికి వస్తారు. ముస్తఫా ముందు ఫోన్లో ఇంటికి మాట్లాడుతుంటారు. చెవిపెడితే తెలుగు కూడా వినిపిస్తుంది. మిగతా ఆరు రోజులూ వాళ్ళలో చాలామంది లారీ వెనక కూర్చుని పనికి వెళ్తారు. రైల్లో అలాంటి మనిషి పక్కన సీటు ఖాళీగా ఉంటే, కొందరు కూర్చోకుండా నిలబడతారు. మీరు కూర్చోండి. మీ ముత్తాత రేవులో దిగిన రోజు ఎవరైనా పక్కన కూర్చున్నారో లేదో మనం చెప్పలేం. ఈ మనిషి పక్కన కూర్చోవడం మాత్రం మన చేతిలో ఉంది.

నోటికి అలవాటు చేసుకోండి

ఇవి బయట పనికొచ్చే మాటలు. గట్టిగా చదవండి.

రైల్లో దారి కావాలంటే: "కాస్త జరుగుతారా?" లేదా "కొంచెం దారిస్తారా అండీ?" ఇక్కడ "కాస్త", "కొంచెం" అనే మాటలే "దయచేసి" పని చేస్తాయి. "దయచేసి" అని విడిగా అంటే నోటీసు బోర్డు చదివినట్టు ఉంటుంది.

సీటు ఇవ్వాలంటే: "రండి, కూర్చోండి. నేను దిగిపోతున్నాను." మీరు దిగేది మూడు స్టేషన్ల తర్వాతైనా పర్లేదు, ఈ చిన్న అబద్ధం అందరూ ఆడేదే.

ఎవరి కాలైనా తొక్కితే: "అయ్యో, ఏమనుకోకండి." జవాబు: "పర్వాలేదండి."

బల్ల పంచుకోవాలంటే: "ఇక్కడ ఎవరైనా వస్తున్నారా?" టిష్యూ పొట్లం కన్నా ఈ ప్రశ్న మేలు.

మేలు చేసినవాళ్ళకి: "థాంక్సండీ" అంటే చాలు. "ధన్యవాదాలు" సభలకీ, ఉత్తరాలకీ బాగుంటుంది. పెద్దవాళ్ళు ఈ రెండూ అనకపోవచ్చు. వాళ్ళు "చల్లగా ఉండు నాయనా" అంటారు. అది థాంక్స్ కన్నా పెద్దది.

వెళ్ళేటప్పుడు: "వెళ్తున్నా" అనకండి, "వెళ్ళొస్తాను" అనండి. వెళ్ళడంలోనే తిరిగి రావడం ఉండాలి.

పలకరింపుకి: "భోంచేశారా?" సింగపూర్‌లో "మకాన్ అయిందా" అని అడిగినట్టే.

పిలుపుకి: సింగపూర్‌లో అందరూ అంకుల్, ఆంటీ. తెలుగులో వయసు చూసి అన్నా, అక్కా, బాబాయ్, పిన్నీ, తాతా అనండి. ఒక్క జాగ్రత్త. తెలియని మనిషిని "బావా" అని పిలవకండి. అది వేళాకోళపు వరస, ఆయన మీ వంక వింతగా చూస్తారు.

మీ నానమ్మ "ఏమిటి" బదులు "ఏటి" అనేదా? అది తప్పు తెలుగు కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు తెలుగు. దిద్దుకోవద్దు, దాచుకోండి. దాని పక్కన ఒక "అండి" చేర్చండి చాలు.

ఈ వారం ఒక పని చెయ్యండి. మీ అంతస్తులో ఊడ్చే ఆయనో, హాకర్ సెంటర్‌లో బల్లలు తుడిచే ఆవిడో ఉంటారు కదా. వాళ్ళది ఏ భాషైనా సరే, ఆ భాషలో పలకరింపు మాట ఒకటి కనుక్కుని పలకరించండి. తెలుగువాళ్ళే అయితే మీ పని మరీ సులువు. "బాగున్నారా అండీ?" అని అడగండి. జవాబు వినేదాకా ఆగండి.